బూజు పిన్ని

మొన్న మా వంకాయ మొక్కలకు పురుగు పడితే, మందేదైనా దొరుకుతుందేమోనని దుర్గ్‌లో విత్తనాలూ ఎరువులూ అమ్మే ఒక దుకాణానికి వెళ్ళాను. దుకాణదారు లోపల్నుంచి ఓ పొట్లం తెచ్చి నా ముందు పెట్టి, "యే జహర్ నహీ హై ఆంటీజీ, ఫంగస్ హై" అన్నాడు. విషం కాదట, బూజట. సాయంత్రం పూట నీళ్ళలో కలిపి కొడితే పురుగులకు జబ్బు చేసి చచ్చిపోతాయట. నాకు ఒక్కసారిగా నవ్వొచ్చింది. ఆపుకుందామన్నా ఆగలేదు. పాపం ఆయన, నేను నమ్మడం లేదనుకుని మళ్ళీ మొదట్నుంచి చెప్పడం మొదలుపెట్టాడు.

"నాకు తెలుసు భయ్యా, మా పిన్ని చెప్పింది" అన్నాను హిందీలో.

"మీ పిన్ని కంపెనీలో పనిచేస్తారా?"

"కాదు. వంటింట్లో."

ఆయన ఏమనుకున్నాడో గానీ పొట్లం కట్టి ఇచ్చేశాడు. రిసాలీలో మా ఇంటికి తిరిగొచ్చే ఆటోలో దారి పొడుగునా ఆవిడే నా పక్కన కూర్చుని ఉన్నట్టనిపించింది.

ఆవిడ నాకు సొంత పిన్ని కాదు. తొంభైల మొదట్లో నేను పెళ్ళయి బొబ్బిలి వైపు నుంచి భిలాయి వచ్చినప్పుడు, సెక్టర్ 6లో మా క్వార్టరుకు ఆనుకున్న క్వార్టరు వాళ్ళది. భర్త ఉక్కు ప్లాంటులో, బొగ్గు కాల్చే కోక్ ఓవెన్సులో చేసేవారు. ఆవిడ చాలాకాలం స్కూల్లో జీవశాస్త్రం చెప్పి మానేశారు. వీధిలో అందరూ టీచరమ్మగారనేవారు. నేనూ అలాగే పిలవబోతే, "క్లాసులో కూర్చున్నావేటి? పిన్నీ అను" అన్నారు. అలా ఆవిడ పిన్ని, ఆయన బాబయ్య అయ్యారు. ఆవిడ వినబడనంత దూరంలో ఉంటే మాత్రం తెలుగువాళ్ళం బూజు పిన్ని అనుకునేవాళ్ళం, హిందీ పిల్లలు అదే మాటను వాళ్ళ భాషలో ఫఫూంద్ ఆంటీ అనేవారు. ఆ సంగతి ఆవిడకు బాగా తెలుసు. తెలిసినట్టు కనబడేవారు కాదు, అంతే.

మనిషి పొడుగు, సన్నం. నూలు చీర కుచ్చిళ్ళు ఒక పక్కకు ఎత్తి బొడ్లో దోపుకునేవారు. నల్లతాడుకు కట్టిన భూతద్దం ఒకటి ఎప్పుడూ మెడలో వేలాడుతుండేది. దాంతో చూడని వస్తువు లేదు. పాల మీద మీగడ, కందిపప్పు, నా చేతి గాజుల్లో ఇరుక్కున్న సబ్బు, పూజకు వచ్చిన పంతులుగారు ఇచ్చిన ప్రసాదం, అన్నీ అద్దం కిందికి వెళ్ళాకే నోట్లోకో బుట్టలోకో వెళ్ళేవి. ఒకసారి భిలాయిలోనే ఖుర్సీపార్‌లో పెళ్ళికి వెళ్ళాం. తాళి కట్టే వేళకు పిన్ని కనబడలేదు. చూస్తే పందిరికి కట్టిన అరటి బోదె ముందు వంగి నిలబడి ఉన్నారు. కాసేపటికి పెళ్ళికూతురి తండ్రిని పిలిచి, "మీ బోదెలో ముక్కుపురుగుంది. రేపు దీన్ని పెరట్లో పారీకండి, మిగతా చెట్లకి పాకుతాది" అని చెప్పారు. ఆయన కూతురి పెళ్ళి సంతోషంలో ఉన్నాడు కాబట్టి సరిపోయింది. అలాగేనమ్మా అని తలూపి వెళ్ళిపోయాడు.

నాతో పరిచయం కూడా పురుగుతోనే మొదలైంది. నేను వచ్చిన ఏడు వానాకాలంలో, అందరిలాగే మేమూ పెరట్లో నాలుగు మొక్కజొన్న గింజలు పాతాం. ఒకరోజు ఆకు మీద తెల్లటి నూగుతో ఓ గొంగళిపురుగు కనబడింది. అసహ్యమేసి చెప్పు తీశాను. కంచె అవతల్నుంచి ఒక్క అరుపు వినబడింది.

"ఏయ్, ఏయ్! చంపీకు దాన్ని!"

నేను అదిరిపడి చెప్పు కింద పడేశాను. ఆవిడ కంచెలో ఉన్న సందులోంచి దూరి వచ్చేశారు.

"ఏటమ్మా, చచ్చిపోయినదాన్ని మళ్ళీ చంపుతావేటి? చూడు, దాని ఒంటి మీద తెల్లగా ఉన్నాది చూసేవా? అది బూజు. పురుక్కి పట్టి, లోపలికెళ్ళి, లోపలంతా తినీసి బయటకొచ్చింది. ఓలమ్మ ఓలమ్మ, ఎంత బావుందో!"

నాకు అందులో బాగున్నదేమీ కనబడలేదు. ఆవిడ దాన్ని ఆకుతో సహా తుంపి, ఖాళీ ఆవకాయ జాడీలో వేసుకుని, పసిబిడ్డను ఎత్తుకున్నట్టు రెండు చేతుల్తో పట్టుకుని వెళ్ళిపోయారు. నా పేరైనా అడగలేదు.

తర్వాత చాలా రోజులు పిన్ని వంటింట్లోంచి వేళకాని వేళ కుక్కరు కూతలు వినబడేవి. నూకలు ఉడికించి, ఆస్పత్రి నుంచి తెచ్చుకున్న ఖాళీ సెలైను సీసాల్లో వేసి, మళ్ళీ ఆ సీసాలను కుక్కర్లో ఆవిరి పట్టించి, మూతికి దూది బిగించి, అందులో ఆ పురుగు మీది బూజు వేసి పెంచేవారు. మొదట్లో అన్నీ పాడయ్యేవి. ఒక సీసాలో ఆకుపచ్చగా, ఇంకోదాన్లో నల్లగా ఏవేవో మొలిచేవి. దూది తీసి వాసన చూసి, "ఇది మనోడు కాదు" అని పక్కన పెట్టేసేవారు. చివరికి ఒక సీసాలో అన్నం మీద సున్నం చల్లినట్టు తెల్లగా పాకింది. అప్పుడు వీధిలో అందరినీ పిలిచి చూపించారు. ఒకరిద్దరు ముక్కు మూసుకున్నారు.

"బూజుకి సన్నబియ్యం నూకలు, నాకు రేషన్ బియ్యం" అనేవారు బాబయ్య గుమ్మంలో నిలబడి. "ఈ ఇంట్లో అల్లుడెవరో తెలిసిపోయింది."

అదంతా ఆవిడ సరదా అనే అనుకున్నాం. సరదాకు మించిన సంగతిగా మారింది లచ్చమ్మ వల్ల.

లచ్చమ్మది శ్రీకాకుళం. మొగుడు కాంట్రాక్టు కూలీ. ఖుర్సీపార్ అంచున మురుగుకాలవ పక్కన ఖాళీగా పడున్న నేల బాగుచేసి ఆకుకూరలూ మొక్కజొన్నా వేసేది. తట్ట నెత్తిన పెట్టుకుని మా సెక్టరుకు వచ్చి కూరలమ్మేది. పొత్తులు ముదిరాక ప్లాంటు గేటు దగ్గర కాల్చి అమ్మేది. వానాకాలంలో ఆ ఇంటికి అదే ఆధారం. కాండం తొలిచే పురుగు పట్టిందంటే మొవ్వు ఎండిపోయి చేను చేనంతా కూలబడేది. అందుకని ఏటా ఏదో మందు కొట్టేది. ఆ ఏడు ఆ మందును వట్టి చేతుల్తో మరికాస్త చిక్కగా కలిపి, గాలికి ఎదురు నిలబడి కొట్టి, అక్కడే సాళ్ళ మధ్య పడిపోయింది. నోట్లోంచి నురగ వచ్చిందట. ఆస్పత్రిలో బతికించారు. పిన్ని చూడ్డానికి వెళ్ళొచ్చారు. ఎప్పుడూ వీధి మొదట్లోంచే మాటలు మొదలుపెట్టే మనిషి ఆ పూట తిన్నగా ఇంట్లోకి వెళ్ళి తలుపేసుకున్నారు.

మర్నాడు రాయపూర్ బయల్దేరారు. అక్కడ వ్యవసాయ కాలేజీలో ఆవిడ పాత విద్యార్థి ఒకతను పనిచేసేవాడు. తిరిగొచ్చాక మా గుమ్మంలో కూర్చుని చెప్పారు.

"ఈ బూజు పురుగు మీదే కాదు, మొక్క లోపల కూడా బతుకుతాదట. గింజని ఈ బూజు నీళ్ళలో నానబెట్టి పాతితే, మొక్కతోపాటు లోపలికెళ్ళి, కాండంలో ఉండిపోతాదట. మొక్కకి ఏటీ చెయ్యదు. పురుగు తొలుచుకుంటూ వచ్చిందంటే దానికి ముప్పు. బైట దేశాల్లో చూసేరట. ఇక్కడెవరూ చెయ్యలేదు."

"మరి మీరు చేస్తారా పిన్నీ?" అన్నాను.

"నేను కాదు, లచ్చిమి చేస్తాది."

లచ్చమ్మ ఒప్పుకోలేదు. బూజు పట్టిన గింజ మొలవదంది. మొలిచినా ఎవరూ తినరంది. పిన్ని వారం వారం వెళ్ళి కూర్చునేవారు. చివరికి లచ్చమ్మ, "సగం సేను మీకు. మిగతా సగంలో మందు కొట్టుకుంతాను. నాను కాదు, మా మరిది కొడతాడు" అంది. ముక్కుకూ నోటికీ గుడ్డ కట్టుకుని, చేతులకు తొడుగులు వేసుకుని కొట్టాలని పిన్ని మరిది చేత మాట తీసుకున్నారు. తొడుగులు బాబయ్యవే, ప్లాంటులో వాడేవి.

ఎండాకాలం ముగిసేలోగా సీసాలు సిద్ధం కావాలి. ఇంట్లో కిటికీ గట్లూ అలమర్లూ పూజగది కూడా సీసాలతో నిండిపోయాయి. తొలకరి ఇంక వస్తుందనగా బాబయ్యగారి అక్క ఊరునుంచి వచ్చింది. పిన్ని నాతో కలిసి బజారుకు వెళ్ళారు. మేం తిరిగొచ్చేసరికి పెరట్లో నులకమంచం మీద సీసాలన్నీ బోర్లించి ఉన్నాయి. అద్దాల్లా మెరుస్తున్నాయి.

"ఓలమ్మ, చదువుకున్నదానివి, ఇంటినిండా పాచిపోయిన అన్నమేటమ్మా!" అంది అక్కగారు చేతులు తుడుచుకుంటూ. "బూడిదేసి తోమీసేను. నడుం పడిపోయిందనుకో."

పిన్ని ఒక సీసా ఎత్తి వెలుగుకు పెట్టి చూశారు. భూతద్దం తీయలేదు. "చాలా బాగా మెరుస్తన్నాయి వదినా" అని, వెనక మెట్టు మీద కూర్చుండిపోయారు. కొత్తగా బూజు పెంచాలంటే మళ్ళీ ఎన్నాళ్ళో. ఈలోగా వాన పడితే లచ్చమ్మ ఆగదు. పిన్ని కళ్ళలో నీళ్ళు తిరగడం నేను చూసింది అప్పుడే.

అప్పుడు బాబయ్య ఇంట్లోకి వెళ్ళారు. బీరువా తలుపు తీసిన చప్పుడైంది. తడి తువ్వాలు చుట్టిన సీసా ఒకటి పట్టుకొచ్చి పిన్ని ఒళ్ళో పెట్టారు. లోపల అన్నం మంచులా తెల్లగా ఉంది.

"ఎక్కడిదిది?"

"నా ప్యాంట్ల కింద దాచేను. కూలరు గదిలో చల్లగా ఉంటాదని."

"ఎందుకూ?"

"మా అక్క వస్తానని ఉత్తరం రాసినప్పుడే అనుకున్నాను."

పిన్ని ఆయన్ని చూసి చూసి, నవ్వు మొదలుపెట్టారు. ఆ నవ్వు కంచె దాటింది, వీధి చివర దాకా వెళ్ళింది. పాపం ఆ అక్కగారికి ఏమీ అర్థం కాక, ఆ సీసా కూడా తోమడానికి చెయ్యి చాపింది.

ఆ ఒక్క సీసాలోంచే మళ్ళీ పెంచారు. తొలకరి పడ్డాక గింజలు నానబెట్టి లచ్చమ్మ సగం చేనులో పాతారు. మొలకెత్తాయి. మోకాలెత్తు పెరిగాయి. వానలు బాగా పట్టాయి. అప్పుడొచ్చింది పురుగు. బూజు గింజల సాళ్ళలో కూడా ఆకుల నిండా గుండుసూదితో గుచ్చినట్టు కన్నాలు.

"తినెస్తంది టీచరమ్మా, సూడండి!" అంది లచ్చమ్మ. "మా మరిదిని పిలిసి ఇటు కూడా కొట్టించెస్తాను."

"కొట్టకమ్మా. విషంలాగ గబుక్కున చావదు. మెల్లగా జబ్బు చేస్తాది."

"మెల్లగా సస్తే ఈలోగా నా సేను ఆగుతాదేటి? పిల్లలకేటి పెట్టమంతారు?"

నిజం చెప్పాలంటే, బూజు పని చేస్తుందో లేదో పిన్నికీ తెలియదు. ఇంటికొచ్చే దారంతా తన సైకిలు నడిపించుకుంటూ నా పక్కన నడిచారు, ఎక్కలేదు. "దాన్నిలాగ ఇబ్బందిలో పెట్టీసేనేటే" అన్నారు ఒకసారి. ఆ సాయంత్రం తుంపర పడుతుండగా మిగిలిన బూజంతా నీళ్ళలో కలుపుకుని మళ్ళీ చేనుకు వెళ్ళాం. బాబయ్యా, మా ఆయనా, నేనూ చెంబుల్తో, పిన్ని గుర్తు పెట్టి వదిలేయమన్న రెండు మూడు మొక్కలు తప్ప, ప్రతి మొక్క మొవ్వులోనూ కాస్త కాస్త పోశాం. లచ్చమ్మ గట్టు మీద చేతులు కట్టుకుని నిలబడింది. కొంతసేపయ్యాక తనూ ఒక చెంబు తీసుకుంది.

తర్వాత ఒక ఉదయం మా వీధిలో కూరల కేక వినబడకుండానే లచ్చమ్మ వచ్చింది. తట్ట దింపి, అందులోంచి ఒక మొక్కజొన్న కాండం తీసి, పిన్ని గుమ్మం ముందే కత్తితో నిలువునా చీల్చింది. లోపల పురుగు తొలిచిన దారి కొంతదూరం వెళ్ళి ఆగిపోయింది. ఆ చివర పురుగు బిర్రబిగుసుకుని, తెల్లటి నూగుతో పడుంది.

"ఇదేనేటమ్మా మీ సుట్టం?" అంది లచ్చమ్మ. మొహంలో నవ్వు దాచుకోవాలని చూస్తోంది గానీ దాగడం లేదు.

పిన్ని అద్దం పెట్టి చూశారు. వాసన చూశారు. ఆ తర్వాత లచ్చమ్మను గట్టిగా కౌగిలించుకున్నారు. తట్టలో తోటకూర నలిగిపోయింది.

అంతటితో ఊరుకోలేదు. అది మొవ్వులో పోసిన బూజు కావచ్చు, లోపల కాపురమున్నది కాకపోవచ్చని ఆవిడ అనుమానం. అందుకని నీళ్ళు పొయ్యకుండా గుర్తు పెట్టి వదిలేసిన మొక్క ఒకదాన్ని కోసుకొచ్చి, కాండం బయటంతా స్పిరిటుతో తుడిచి, పైతొక్క ఒలిచేసి, లోపలి బెండును బ్లేడుతో ముక్కలు చేసి సీసాలో పెట్టారు. కొన్నాళ్ళకు నేను చపాతీలు ఒత్తుకుంటుంటే వానలో గొడుగైనా లేకుండా వచ్చేశారు.

"లోపల్నించి వచ్చిందమ్మా! బెండులోంచి మొలిచింది! మొక్క కడుపులో కాపురముంది!"

చీర అంచుల్లోంచి నీళ్ళు కారుతున్నాయి. అప్పడాల కర్ర నా చేతిలోంచి లాక్కుని పక్కన పడేసి, సీసా నా చేతిలో పెట్టారు. తెల్లటి బెండుముక్క చుట్టూ ఇంకా తెల్లటి నూగు. ఆ పూట నాకూ అది బాగుందనిపించింది.

రాయపూర్ నుంచి ఆ విద్యార్థి వచ్చాడు. నెమ్మదస్తుడు. సీసా తీసుకెళ్ళి సూక్ష్మదర్శిని కింద చూసి, అదే బూజని చెప్పాడు. కానీ ఒక్క పంట చూసి ఏదీ తేల్చలేమన్నాడు. ఇది వానలు బాగున్న ఏడు, ఎండ కాస్తే ఏమవుతుందో తెలియదన్నాడు. పిన్నికి కోపమొచ్చింది.

"నువ్వు పదో క్లాసులో కప్ప బొమ్మ వేస్తే బంగాళాదుంపలాగుండేది. అయినా మార్కులేసేను."

"ఆ మార్కులకి ఇది చెల్లు కాదు మేడమ్" అన్నాడతను నవ్వుతూ.

మూతి ముడుచుకునే కప్పు అతని ముందుకు జరిపి, "నువ్వన్నదే నిజంలే, టీ తాగు" అన్నారు. అతను చెప్పినట్టే అయింది కూడా. ఆ తర్వాతి ఏడు వానలు మొహం చాటేస్తే బూజు అంత బాగా పట్టలేదు, కొంత చేను పోయింది. అయినా లచ్చమ్మ మాత్రం మళ్ళీ ఆ మందు డబ్బా ఇంటికి తేలేదు. ఏటా నూకలు పట్టుకుని పిన్ని ఇంటికి వచ్చేది, ఉగాది నుంచే.

ఆ మొదటి ఏడు పొత్తులు ముదిరాక జరిగింది ఎప్పుడు తలచుకున్నా నాకు హుషారొస్తుంది. బూజు సాళ్ళలో పొత్తులు మందు కొట్టిన సాళ్ళలో వాటికి ఏమీ తీసిపోలేదు. లచ్చమ్మ గేటు దగ్గర కుంపటి పెట్టింది. జనరల్ షిఫ్టు వదిలే వేళకు పిన్ని నన్ను వెంటేసుకుని వెళ్ళారు. సైకిళ్ళు బిలబిలమంటూ వచ్చాయి. సన్నగా జల్లు పడుతోంది. కాలిన పొత్తుల వాసనకు నలుగురైదుగురు ఆగారు. అక్కడ పిన్ని మొదలుపెట్టారు, హిందీలో, క్లాసు చెప్పినట్టుగా.

"భయ్యా, ఇది మామూలు భుట్టా కాదు. దీనికి విషం కొట్టలేదు. దీని చెట్టు లోపల ఫఫూంద్ ఉంది!"

ఫఫూంద్ అన్న మాట వినగానే నోటి దాకా వెళ్ళిన పొత్తు ఒకతని చేతిలో ఆగిపోయింది. ఇంకొకతను సైకిలెక్కాడు. పిన్ని వదల్లేదు, పురుగు ఎలా చస్తుందో చేతులూపి చూపించబోయారు. ఉన్న ఇద్దరూ కూడా జారుకున్నారు.

లచ్చమ్మ విసనకర్ర కింద పెట్టి నడుం మీద చేతులేసుకుంది.

"టీచరమ్మా, మీకు దండం పెడతాను. బూజు మాట ఎత్తకండి. అలాగెల్లి కూకోండి. నోరిప్పకండి."

జీవితంలో పిన్నిని అలా గద్దించినవాళ్ళు లేరనుకుంటాను. ఆవిడ కిక్కురుమనకుండా వెళ్ళి, గోడవారగా ఉన్న సిమెంటు దిమ్మ మీద కూర్చున్నారు. లచ్చమ్మ కుంపట్లోంచి అన్నిటికన్నా లావుపాటి పొత్తు ఏరి, నిమ్మకాయా ఉప్పూ రాసి, ఆకులో పెట్టి తెచ్చి ఆవిడ చేతికిచ్చింది. మళ్ళీ కుంపటి దగ్గరికి వెళ్ళి, "భుట్టా గరమ్! మీఠా భుట్టా!" అని కేక పెట్టింది. పొత్తు వేడిదనీ తియ్యనిదనీ తప్ప ఇంకే వివరాలూ లేవు. సైకిళ్ళు ఆగాయి. ఒక గుంపు వెళితే ఇంకో గుంపు వచ్చింది. ఇనుప దుమ్ము పట్టిన చేతులు, తడిసిన టోపీలు, గింజలు కొరుకుతున్న దవడలు.

పిన్ని తన పొత్తు కొరకడం మరిచిపోయి ఒక్కొక్కణ్ణే చూస్తున్నారు. చెప్పాలని పెదాలు కదులుతున్నాయి, లచ్చమ్మ వైపు చూసి మూసుకుంటున్నాయి. చివరికి ఉండబట్టలేక నా చెవి దగ్గర వంగి, ఎవరికీ వినబడకుండా, "తింటన్నారే, చూడు, ఎలా తింటన్నారో" అన్నారు.